గుండ్రముద్ర మీద పంటిగాటు

ఆ జిల్లా మొత్తం మీద సర్కారు వారి ఏసీల్లో చల్లగాలి వచ్చేది ఒక్కదాన్నుంచే. అది జిల్లా ధ్రువీకరణ అధికారి పరాంకుశరావు గారి గదిలో ఉండేది. మిగతా కార్యాలయాల్లో ఏసీలు లేక కాదు. ఉన్నాయి, గోడలకి వేలాడుతూ, గురగురలాడుతూ, కింద కూర్చున్న వాళ్ళ నెత్తిన నీళ్ళు కారుస్తూ. చల్లబరిచేది మాత్రం ఇదొక్కటే. ఈ సంగతి పరాంకుశరావు గారు ఏ మీటింగుకి వెళ్ళినా గొప్పగా చెప్పుకునేవారు. అదే ఆయన కొంప ముంచింది.

ఏప్రిల్ మూడో వారంలో ఓడరేవు దగ్గర, ఎవరో దొంగచాటుగా దింపిన పెట్టెలో రెండు జంతువులు పట్టుబడ్డాయి. ముంగిసకి దూరపు చుట్టాల్లా ఉన్నాయి. సాగదీసినట్టుండే నడుము, పొట్టి కాళ్ళు, కళ్ళ చుట్టూ నల్లటి పట్టీ. వాటిని ఫెర్రెట్లంటారనీ, చలి దేశాల్లో జనం ముచ్చటపడి ఇళ్ళల్లో పెంచుకుంటారనీ, మన ఎండలకి రెండు రోజులు కూడా తాళలేవనీ తెలిసింది. కేసు తేలేదాకా వాటిని ఎక్కడ ఉంచాలి? పై ఆఫీసు వారు జిల్లాలో చల్లటి గది ఎక్కడుందని వాకబు చేశారు. వాకబు చేసిన ప్రతిచోటా పరాంకుశరావు గారి పేరే చెప్పారు.

మర్నాటికల్లా ఫెర్రెట్లు ఏసీ గదిలోకీ, పరాంకుశరావు గారు వరండాలోకీ మారారు.

వాటిని చూసుకునే పని అటెండరు అప్పలకొండ మీద పడింది. ఆఫీసులో ఎవరూ చెయ్యని పనులన్నీ ఆమె మీదే పడతాయి గనక ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. ఆమె భర్త పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఈమె ఇక్కడ, అతనక్కడ, బస్సులో మూడు గంటల దూరం. నాలుగేళ్ళుగా పలాస ఉపకార్యాలయానికి బదిలీ కోసం అర్జీలు పెడుతూనే ఉంది. ఫైళ్ళలో ఆ జంతువుల పేర్లు ప్రాణి-ఒకటి, ప్రాణి-రెండు. అప్పలకొండ మాత్రం గోధుమరంగు దానికి జీడి అనీ, తెల్లదానికి బెల్లం అనీ పేర్లు పెట్టుకుంది. మొదట్లో ఎవరో పాలూ రొట్టే పెడితే మూతి తిప్పుకున్నాయి. ఆమె కోడిమాంసం కోసి పెట్టి, గుడ్డు ఉడకబెట్టి పెట్టి మంచి చేసుకుంది. వారం తిరిగేసరికి అవి ఆమె భుజాన వేలాడే గుడ్డసంచిలో దూరి పడుకోవడం మొదలుపెట్టాయి. అంతటితో ఆగితే కథే లేదు. కానీ రెండో వారంలో మార్గదర్శకాలొచ్చాయి.

'కస్టడీలోనున్న ఫెర్రెట్ల ఆరోగ్య పరిరక్షణ మరియు మానసికోత్తేజ మార్గదర్శకాలు.' పదకొండు పేజీలు. పరాంకుశరావు గారు వరండాలో చెమటలు తుడుచుకుంటూ సిబ్బందికి చదివి వినిపించారు. రోజుకి నాలుగు గంటలు స్వేచ్ఛాసంచారం. రోజుకో కొత్త వాసన. దూరి ఆడుకోవడానికి సొరంగం. జలుబు చేసిన మనిషి దగ్గరికి పోరాదు, ఎందుకంటే మనుషుల జలుబు వాటికి తేలిగ్గా అంటుకుంటుంది.

ఆఖరి నిబంధన వినగానే ఆఫీసులో సగం మంది తుమ్మారు. మర్నాటి నుంచి సెలవు చీటీలు కట్టలు కట్టలుగా వచ్చాయి. సెలవు ఇవ్వకపోతే ప్రాణులకి ప్రమాదం, ఇస్తే ఆఫీసులో మనుషులుండరు. పరాంకుశరావు గారు ప్రాణుల పక్షమే వహించారు, ఎందుకంటే మనుషుల గురించి పదకొండు పేజీలు ఎవరూ పంపలేదు.

తుమ్మని వాళ్ళతో మానసికోత్తేజ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు పరాంకుశరావు గారు, కార్యదర్శి సూపరింటెండెంట్ దమయంతి గారు. ఈవిడకి నిబంధనలంటే ప్రాణం. కళ్ళజోడు లేకపోయినా ఏ పేజీలో ఏ వాక్యముందో చెప్పగలరు. సొరంగం కోసం కమిటీ ఇంజనీరింగు శాఖకి రాసింది. వాళ్ళ దగ్గర రోడ్ల కింద వేసే సిమెంటు తూములు తప్ప మరేమీ లేవు. అవే నాలుగు పంపారు. మూరెడు పొడుగు జంతువులకి మనిషి పాకగలిగినంత సొరంగం గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి అమరింది.

కొత్త వాసన దగ్గర మాత్రం కమిటీ తల పట్టుకుంది. మొదటి రోజు ఇంగువ, రెండో రోజు వేపనూనె, మూడో రోజు దమయంతి గారి జాజిపూలు. నాలుగో రోజుకి సరుకు నిండుకుంది. అప్పుడు పరాంకుశరావు గారి చూపు ఎదురుగా బెంచీల మీదున్న జనం మీద పడింది. ధ్రువపత్రాల కోసం రోజూ యాభై మంది వచ్చేవారు, యాభై రకాల ఊళ్ళ నుంచి. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ పూట నుంచి అర్జీదారులని టోకెను నంబరు ప్రకారం కాక వాసన ప్రకారం పిలవడం మొదలైంది. ముందు గదిలోకి వెళ్ళి రెండు నిమిషాలు నిలబడాలి. ప్రాణులు మూతులెత్తి చూస్తే 'ఉత్తేజం కలిగినది' అని రిజిస్టరులో రాస్తారు, తరవాతే కాగితం చూస్తారు.

సూరాడ ఎర్రయ్య అనే చేపల వేటగాడు కూతురి నర్సింగు చదువుకి నివాస ధ్రువపత్రం కావాలని వచ్చాడు. అతను గదిలో అడుగుపెట్టాడో లేదో జీడీ బెల్లం నిద్ర లేచి, వీపులు విల్లులా వంచి, పక్కలకి ఎగురుతూ నాట్యమాడాయి. అంత ఉత్తేజం రిజిస్టరు మొదలుపెట్టాక ఎన్నడూ కలగలేదు. ఆ పేజీని పరాంకుశరావు గారు నకలు తీయించి పై ఆఫీసుకి పంపారు. ధ్రువపత్రం మీద సంతకమూ పెట్టారు. ముద్ర రేపు వేయించుకొమ్మన్నారు. మర్నాడు ఎర్రయ్య వస్తే గుమ్మంలోనే ఆపారు.

"మీ వాసన నిన్ననే నమోదైనది. పునరుక్తి అనుమతించబడదు. కొత్త వాసనతో రావలెను" అన్నారు దమయంతి గారు.

"కొత్త వాసన ఎక్కణ్ణించి తెమ్మంతారమ్మా? పుట్టినకాడినుంచి ఇదే వాసన నాది" అన్నాడు ఎర్రయ్య.

మధ్యలో పై ఆఫీసు నుంచి ఓ శ్రీముఖం వచ్చింది. తనిఖీకి వచ్చినవారు చూసిన రెండుసార్లూ ప్రాణులు నిద్రపోతున్నాయట. పని వేళల్లో నిద్రకి కారణమేమి, బాధ్యులెవరు, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. అప్పలకొండ పశువైద్యుడు ఇందుశేఖర్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన చూసేది ఎక్కువగా గేదెలనే, కానీ కూర్చుని వీటి గురించి చదివాడు. "రోజుకి పద్నాలుగు గంటలు పడుకోవడం వాటి ఆరోగ్యమమ్మా. లేచినప్పుడు ఆడించు, పడుకున్నప్పుడు వదిలెయ్" అన్నాడు. ఆ మాటే సంజాయిషీలో రాశారు. ఆ కాగితం చదివి ఆఫీసులో చాలామంది నిట్టూర్చారు. పద్నాలుగు గంటల నిద్రకి డాక్టరు సర్టిఫికెట్ దొరికే ఉద్యోగం ఉంటుందని వాళ్ళకి అప్పటిదాకా తెలియదు.

మే పద్నాలుగున అప్పలకొండ బదిలీ ఉత్తర్వు వచ్చింది. పలాస ఉపకార్యాలయంలో ముప్పై ఒకటో తారీకు సాయంత్రంలోగా చేరాలి, చేరకపోతే ఉత్తర్వు రద్దు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. భర్తకి ఫోన్ చేసి చెప్పి, నమ్మకం కుదరక మళ్ళీ చేసి చెప్పింది. రిలీవింగు కాగితం మీద పరాంకుశరావు గారు వెంటనే సంతకం పెట్టారు. ఇక గుండ్రముద్ర పడడమే తరువాయి. ఆ ఆఫీసులో అధికారి సంతకం పెడతారు, ముద్ర గుద్దేది అటెండరు. పదకొండేళ్ళుగా ఎన్ని వేల కాగితాల మీద గుద్దిందో ఆమెకే తెలియదు. తన కాగితం మీద తనే గుద్దుకోబోతున్నానని నవ్వుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇంకు పెట్టె ఉంది. ముద్ర లేదు.

అది స్వేచ్ఛాసంచారం వేళ. తెల్లటి తోక ఒకటి సొరంగంలోకి మాయమవుతూ కనిపించింది.

ఫెర్రెట్లకి దాచుకునే బుద్ధి ఉంది. తూముల చివర, పాత గోనెపట్టాల మధ్య వాటి ఖజానా. అందులో అప్పటికే దమయంతి గారి కళ్ళజోడు, మూడు రబ్బర్లు, ఏసీ రిమోటు, పరాంకుశరావు గారి ఎడమకాలి బూటు ఉన్నాయి. ఇప్పుడు గుండ్రముద్ర కూడా చేరింది.

"సెయ్యెట్టి తీసెత్తానండి" అంది అప్పలకొండ.

"ఆగు!" అన్నారు దమయంతి గారు. కళ్ళజోడు లేకుండానే మార్గదర్శకాలు తెరిచి, ఏడో నిబంధన కంఠతా చదివారు. "సదరు ప్రాణులు తమవిగా ఎంచుకొని దాచుకున్న దేనినైనను, అది ఎంతటిదైనను, వాటినుండి వేరుచేయరాదు. అట్లు వేరుచేసినచో అవి తీవ్ర మనోవేదనకు గురియగును. బాధ్యులను తక్షణమే సస్పెండు చేయవలెను."

"మరి మినహాయింపు?" అన్నారు పరాంకుశరావు గారు.

"పై ఆఫీసుకి రాయవచ్చును సార్. అయితే ఆ లేఖ మీద గుండ్రముద్ర తప్పనిసరి."

ఆ రోజు నుంచి జిల్లాలో ఏదీ ధ్రువపడలేదు. పుట్టినవాళ్ళు పుట్టినట్టు కాగితం లేదు, పోయినవాళ్ళు పోయినట్టు కాగితం లేదు. సంతకాలైన కాగితాలు రెండు వందలు దాటాయి. అప్పలకొండ రోజూ పొద్దున్నే గోనెపట్టాలు దులుపుతుంది. చెయ్యి చాస్తే ముద్ర అందుతుంది. అది తీస్తే ఉద్యోగం పోతుంది, తియ్యకపోతే పలాస పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, గదిలోంచి బయటికొచ్చి క్యాలెండరు చూసేది.

పై ఆఫీసు నుంచి ఒత్తిడి పెరిగాక దమయంతి గారికో ఆలోచన తట్టింది. "వేరుచేయరాదన్నారు గాని వాడరాదనలేదు సార్. ముద్ర ఉన్నచోటికి కాగితమే వెళ్ళవచ్చును."

మర్నాడు పదకొండు గంటలకి జిల్లా ధ్రువీకరణ అధికారి తూములో బోర్లా పడుకుని, ఇంకు పెట్టె పళ్ళతో కరిచిపట్టుకుని, కాగితాల కట్ట ముందుకి నెట్టుకుంటూ పాకారు. అరగంట తరవాత మూడు కాగితాల మీద ముద్ర పడింది. మూడూ పై ఆఫీసు వారివే. నాలుగోది మినహాయింపు లేఖ. దానికి ముద్ర వెయ్యబోతే జీడి ఆయన వేలు కొరికింది. రెండో రోజు కూడా పాకారు. ఈసారి ఎంతసేపటికీ చప్పుడు లేదు. అప్పలకొండ వంగి చూస్తే, ఏసీ గాలి తూములోకి నేరుగా కొడుతోంది, అధికారి గారు గుర్రు పెడుతున్నారు. జేబులోంచి కోడిముక్క ఒకటి బయటికి వేలాడుతోంది. బెల్లం దాచుకున్నట్టుంది.

అప్పటి నుంచి ఆయన రోజూ పదకొండుకి 'ముద్రణ విధులకై' తూములోకి వెళ్ళి భోజనాల వేళకి బయటికొచ్చేవారు. ముద్రలేవీ పడేవి కావు. సిబ్బంది కాగితాలు అర్జీదారులవాటి తరవాతే గనక అప్పలకొండ కాగితం వరసలో రెండు వందల పన్నెండోది. ఎర్రయ్యది తొమ్మిదోది.

ఇరవై ఏడో తారీకు పొద్దున జీడి గుడ్డు ముట్టలేదు. పళ్ళు కొరుకుతూ, ముందుకాళ్ళతో మూతి రుద్దుకుంటూ ఓ మూల ముడుచుకుంది. అప్పలకొండ గోనెపట్టా ఎత్తి చూసింది. ముద్ర అంచున రబ్బరు ఓ ముక్క లేదు. పంటిగాటు స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె వెంటనే డాక్టరుకి కబురు పెట్టింది.

ఇందుశేఖర్ వచ్చి జీడి పొట్ట నెమ్మదిగా తడిమి చూశాడు. "చిన్న ముక్కలా ఉంది. జారడానికి మందిస్తాను, బయటికొచ్చేస్తుందనుకుంటా. రాకపోతే కోత తప్పదు. కానీ ఇంకో ముక్క మింగిందా, పేగుకి అడ్డం పడి చచ్చిపోతుంది. ముందు ఆ రబ్బరు అక్కణ్ణించి తీసెయ్యండి."

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది.

"నాలుగో నిబంధన ప్రకారం రబ్బరు వస్తువులు ప్రాణులకి అందుబాటులో ఉంచరాదు కదా?" అన్నారు పరాంకుశరావు గారు.

"ఉంచరాదన్నారు సార్. మనం ఉంచలేదు. అదే తీసుకున్నది. తీసుకున్నదానికి ఏడో నిబంధనే వర్తించును."

"పోనీ, తీస్తే కలిగే మనోవేదన ఎంత, తీయకపోతే కలిగే మరణం ఎంత అని ఓ ఉపసంఘం వేసి..."

అప్పలకొండకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏటండీ బాబూ ఈ మాటలు! అది సచ్చిపోతే దాని మనసు ఎక్కడుంతాదండీ ఏదన పడ్డానికి? మీరు కూకోండి, రాసుకోండి. నాను ఎల్తన్నాను."

సస్పెన్షనూ పలాసా రెండూ ఆమెకి గుర్తున్నాయి. అయినా వెళ్ళింది. ముద్రని లాక్కోలేదు. ఉడికిన గుడ్డు సొన నలిపి, దానిమీద, ముద్ర కోసం రోజూ వచ్చి కూర్చునే ఎర్రయ్య బుట్టలో తెచ్చిన చేపనూనె చుక్క వేసి, తూము ఈ చివర చతికిలబడి అరచేయి చాపింది. "రాయే తల్లీ. నీది నాకిచ్చీ, నాది నువ్వు తినీ." రెండు నిమిషాలకి బెల్లం మూతి కనిపించింది. నోట్లో గుండ్రముద్ర. ఆమె చేతి వంక చూసింది, ముద్రని నేల మీద వదిలింది, సొన నాకింది.

సాయంత్రం నాలుగింటికి జీడి కడుపులోంచి రబ్బరు ముక్క క్షేమంగా బయటపడింది. అది ప్రభుత్వ ఆస్తి గనక కవరులో పెట్టి ముద్ర వెయ్యాలన్నారు దమయంతి గారు. జీడి లేచి గుడ్డు తిన్నాక అప్పలకొండ కళ్ళు తుడుచుకుని బల్ల ముందు కూర్చుంది. సంతకాలైన కాగితాలన్నిటి మీదా వరసగా గుద్దుకుంటూ పోయింది. ఎర్రయ్య తన కాగితం అందుకుని, ముద్ర అంచున వంకరగా ఉన్న గాటు చూసి, "ఇదేటమ్మా, కొరికినట్టున్నాది?" అన్నాడు. "అసలైన ముద్రకి గుర్తు మావా, దాసుకో" అంది. చిట్టచివర తన కాగితం మీద గుద్దుకుంది.

ఇరవై తొమ్మిదిన పై ఆఫీసు నుంచి విచారణాధికారి దిగారు. ఖజానా నుంచి వస్తువును వేరుచేసిన నేరం అప్పలకొండ మీద మోపారు.

"నాను తియ్యలేదండి. అదే తెచ్చి ఇచ్చినాది. నాను గుడ్డిచ్చినాను" అంది ఆమె.

విచారణాధికారి గారు మార్గదర్శకాలు రెండుసార్లు తిరగేశారు. ప్రాణి స్వచ్ఛందంగా చేసిన మార్పిడిని నిషేధించే వాక్యం ఎక్కడా లేదు. నేరం వీగిపోయింది. అప్పలకొండ ఊపిరి పీల్చుకునేలోపే ఆయన చూపు ఆమె భుజాన ఉన్న సంచి మీద పడింది. అందులోంచి రెండు మూతులు బయటికి పెట్టుకుని జీడీ బెల్లం నిద్రపోతున్నాయి.

"ఇవి రోజూ ఇక్కడే పడుకుంటాయా?"

"అవునండి. నాను లేకపోతే తిండి కూడా ముట్టవండి" అంది, పొగుడుతున్నారనుకుని.

విచారణాధికారి గారు కలం తీశారు. "అయితే సదరు అటెండరు కూడా ప్రాణులు తమవిగా ఎంచుకున్న వాటిలో చేరును. ఏడో నిబంధననుసరించి ఈమెను వాటినుండి వేరుచేయరాదు. బదిలీ నిలిపివేయడమైనది."

దమయంతి గారు చప్పట్లు కొట్టబోయి ఆగారు. అంత చక్కటి అన్వయం ఆవిడ జన్మలో వినలేదు.

అప్పలకొండకి నాలుగేళ్ళ అర్జీలు కళ్ళ ముందు తిరిగాయి. సంచి నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకుని, జీడి తల నిమిరింది.

"బాబూ, నన్నూ వీటినీ ఇడదియ్యకూడదు. అంతే కదండి?"

"అంతే."

"మరి నన్ను కదపకూడదని ఎక్కడైనా ఉన్నాదా అండి?"

విచారణాధికారి గారు దమయంతి గారి వంక చూశారు. ఆవిడ కళ్ళు మూసుకుని పదకొండు పేజీలూ మనసులో తిప్పారు. "లేదు సార్" అన్నారు, కాస్త బాధగానే.

"అయితే నన్ను పలాస పంపండి. నాతో వీటిని పంపండి. వీటితో ఇవి దాసుకున్న సామానంతా పంపండి. ఏదీ దేన్నించీ ఇడిపోదు. మీ నిబందన మీకుంతాది, నా మొగుడు నాకుంతాడు."

ఎవరూ కాదనలేకపోయారు. కాదనడానికి నిబంధన ఉండాలి కదా.

ముప్పై ఒకటో తారీకు పొద్దున వ్యాను బయల్దేరింది. రిమోటు ఖజానాలోది గనక దానితోపాటు ఏసీ కూడా గోడ మీంచి దిగి వచ్చేసింది. గుండ్రముద్ర ఎలాగూ వచ్చింది, ఎందుకంటే బెల్లం అది గుడ్డుకి బదులిచ్చింది అప్పలకొండకే గాని ఆఫీసుకి కాదని దమయంతి గారే తేల్చారు. అవి మళ్ళీ కొరక్కుండా దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది అప్పలకొండ. కళ్ళజోడు, తూములు, ఎడమకాలి బూటు వెనకాల వచ్చాయి. మధ్యాహ్నం పలాసలో దిగేసరికి ఆమె భర్త గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. సంచిలోంచి తొంగిచూస్తున్న రెండు మూతులని చూసి, "ఈలెవలే?" అన్నాడు. "మనోలే" అంది.

ఇప్పుడు ఆ జిల్లాలో ఎవరికేం ధ్రువపడాలన్నా పలాస వెళ్ళాల్సిందే. అక్కడ అర్జీలు టోకెను నంబరు ప్రకారమే తీసుకుంటారు. వచ్చినవాళ్ళు ముద్ర అంచున పంటిగాటు ఉందో లేదో చూసి మరీ కాగితం మడుస్తారు. గాటు లేని కొత్త ముద్ర ఒకటి పై ఆఫీసు వారు చేయించి పంపితే, నకిలీదని బ్యాంకుల వాళ్ళు తిప్పి పంపారు.

జూన్ రెండో వారంలో అప్పలకొండ పేరిట ఓ అర్జీ వచ్చింది. వరండాలోంచి, నలభై మూడు డిగ్రీల ఎండలోంచి రాసినది, అక్షరాలు చెమటకి అలుక్కుపోయి ఉన్నాయి. 'విషయం: ఏడో నిబంధన వర్తింపు గురించి. ప్రాణి-రెండు పలు పర్యాయములు నా జేబులో ఆహారమును దాచుకొనియున్నది. కావున నేను కూడా సదరు ప్రాణుల ఖజానాలోని వస్తువునే యని సవినయముగా మనవి. కావున నన్ను సైతం తూములతో చేర్చవలసిందిగా ప్రార్థన. ఇట్లు, పరాంకుశరావు.'

అప్పలకొండ అర్జీ రెండుసార్లు చదివి, గుండ్రముద్ర వేసి, పైన రాసింది: కొత్త వాసనతో రావలెను.